తదితరుల చరిత్ర – 7: స్టార్ కార్డు కొనాలా, కామన్ కార్డు కొనాలా?



ఈ వారం అరచేతిలో ఇమిడిపోయే ఒక అట్టముక్క గురించి రాస్తున్నాను. దాని ముందువైపు బేస్‌బాల్ ఆటగాడి బొమ్మ ఉంటుంది. వెనకవైపు అతని ఊరు, వయసు, ఆట లెక్కలు ఉంటాయి. 2022 ఆగస్టులో అమెరికాలో ఇలాంటి ఒకే ఒక్క అట్టముక్క వేలంలో 1.26 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది. మన లెక్కలో దాదాపు వంద కోట్ల రూపాయలు. అది మికీ మాంటిల్ అనే ఆటగాడి కార్డు. 1952లో టాప్స్ అనే చూయింగ్ గమ్ కంపెనీ అచ్చు వేసింది.

గత నెలలో జాకీ రాబిన్సన్ మీద రాసిన భాగం చదివి, డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్న నా పాత విద్యార్థి ఒకరు మెసేజ్ పెట్టాడు. అతనికి ఈ కార్డులు సేకరించే అలవాటు ఉందట. "సార్, ఉన్న డబ్బుతో పెద్ద స్టార్ కార్డు ఒకటి, నలిగినదైనా సరే, కొనమంటారా? లేకపోతే అదే డబ్బుకు కామన్ ఆటగాళ్లవి కొత్తవాటిలా మెరిసేవి ఓ పది కొనమంటారా? ఇక్కడ అందరూ ఇదే వాదించుకుంటున్నారు" అని అడిగాడు.

నాది తెలుగు సాహిత్యం. పెట్టుబడి సలహాలు నా పని కాదు. కానీ ఆ 'కామన్' అనే మాట దగ్గర నేను ఆగిపోయాను. పీహెచ్‌డీ రోజుల్లో సాహిత్య చరిత్ర పుస్తకాలు చదువుతున్నప్పుడు ఒక మాట నన్ను వెంటాడేది: "తదితరులు". ఫలానా వారు, ఫలానా వారు, తదితరులు. ఆ తదితరుల్లో ఎవరున్నారు? వాళ్లను అక్కడ పెట్టింది ఎవరు? అసలు ఆ మాటలోకి కూడా రాని వాళ్లు ఎవరు? ఈ సిరీస్ పేరు అక్కడి నుంచే వచ్చింది. ఈ అట్టముక్కలకు కూడా అవే ప్రశ్నలు వేసి చూద్దాం.

ముందు ఈ బజారు ఎలా నడుస్తుందో అర్థం చేసుకోవాలి.

1970ల చివరి నుంచి అమెరికాలో ఈ కార్డులకు ధరల పుస్తకాలు అచ్చవుతున్నాయి. వాటిలో పేరున్న ఆటగాళ్లకు ఒక్కొక్కరికి ఒక్కో లైను, పక్కన ధర. మిగతా వందల మందికీ కలిపి ఒకే లైను: 'కామన్ కార్డు', ఒక్కొక్కటి ఇంత. అంటే కామన్ అనేది ఆటగాడి గుణం కాదు, ధరల పట్టికలో ఒక గది. మన 'తదితరులు' కూడా అంతే కదా.

తర్వాత గ్రేడింగ్ వచ్చింది. కార్డును ఒక సంస్థకు డబ్బు కట్టి పంపిస్తారు. వాళ్లు మూలలు మొద్దుబారాయా, అంచులు చిట్లాయా, పైపొర మీద గీతలున్నాయా, బొమ్మ సరిగ్గా మధ్యలో ఉందా అని చూసి, 1 నుంచి 10 దాకా మార్కు వేస్తారు. గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూసేసి, పైన మార్కు చీటీ పెట్టి తిరిగి పంపిస్తారు. వీటిలో పేరు మోసిన పీఎస్ఏ 1991లో మొదలైంది. ఒక మార్కు తేడాకు ధర రెండింతలు, పదింతలు కూడా కావచ్చు.

ఆ సంస్థ మొట్టమొదట గ్రేడ్ చేసిన కార్డు హోనస్ వాగ్నర్ అనే ఆటగాడిది. 1909 – 1911 మధ్య అమెరికన్ టొబాకో కంపెనీ సిగరెట్ పెట్టెల్లో పెట్టి పంచిన టీ206 అనే సెట్‌లోది. దానికి 8 మార్కులు వేశారు. అంత పాత కార్డుకు అన్ని మార్కులా అని లోకం ఆశ్చర్యపోయింది. 2013లో బిల్ మాస్ట్రో అనే వేలం వ్యాపారి కోర్టు ముందు ఒప్పుకున్నాడు, ఆ కార్డు అంచులు తానే కత్తిరించానని. నిజానికి కత్తిరించిన కార్డుకు మార్కే పడకూడదు. మెరిట్ అనేది వేసేవాడి కంటినీ తెచ్చినవాడి హోదానీ బట్టి ఎలా మారుతుందో ఇంటర్వ్యూ బోర్డుల ముందు కూర్చున్న మన పిల్లలకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇక స్టార్ – కామన్ వాదన. రెండు పక్షాల్లోనూ నిజం ఉంది.

స్టార్ పక్షం వాళ్లు చెప్పేది: పేరున్న ఆటగాడి కార్డుకు గిరాకీ తగ్గదు. నలిగిపోయి 1 మార్కు వచ్చినా కొనేవాడు దొరుకుతాడు. ఆట చూడని వాడికి కూడా ఆ పేరు తెలుసు. డబ్బు అవసరమైన రోజు అమ్ముకోవచ్చు.

కామన్ పక్షం వాళ్లు చెప్పేది ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది. 1950ల్లో ఈ కార్డులు పిల్లల చేతుల్లో ఉండేవి. స్టార్ కార్డును పిల్లవాడు డబ్బాలో దాచుకున్నాడు. కామన్ కార్డును బట్టల క్లిప్పుతో సైకిల్ చక్రానికి తగిలించి టపటపమని చప్పుడు చేయించుకున్నాడు. పైగా గ్రేడింగ్ ఫీజు కామన్ కార్డు ధర కంటే ఎక్కువ కాబట్టి వాటిని పంపించేవాళ్లు తక్కువ. అందుకే మంచి మార్కు వచ్చిన కామన్ కార్డులు లెక్కకు కొన్నే తేలతాయి. మరోవైపు, మొత్తం సెట్‌ను మంచి మార్కులతో పూర్తి చెయ్యాలని పోటీ పడేవాళ్లున్నారు. వాళ్లకు స్టార్ ఒక్కడే ఉంటే చాలదు, ప్రతి తదితరుడూ కావాలి. ఆ పోటీలో ఎవరికీ గుర్తులేని ఆటగాడి కార్డు కూడా వేల డాలర్లు పలుకుతుంది.

దీనికి అందరూ చెప్పే ఉదాహరణ ఆండీ పాఫ్కో. మంచి ఆటగాడే, కానీ మాంటిల్ అంతటి స్టార్ కాదు. 1952 టాప్స్ సెట్‌లో అతనిది ఒకటో నంబరు కార్డు. పిల్లలు నంబర్ల వరుసలో పేర్చి రబ్బరు బ్యాండు వేసేవాళ్లు కాబట్టి దెబ్బలన్నీ పై కార్డుకే తగిలేవి. చెక్కుచెదరకుండా 10 మార్కులు తెచ్చుకున్న పాఫ్కో కార్డు 1998లో ఎనభై వేల డాలర్లకు పైగా పలికింది.

ఇక్కడ జాగ్రత్త పడాల్సిన విషయం ఒకటుంది. ఈ రెండో పక్షంలో మనం డబ్బిచ్చేది ఆటగాడికి కాదు, అట్ట మెరుపుకు. ధర పెరిగిందని తెలియగానే అటకల మీద ఉన్న కార్డులన్నీ గ్రేడింగ్‌కు వస్తాయి. నిన్న మూడే ఉన్న మంచి మార్కు కార్డులు రేపు పదమూడు అవుతాయి. అప్పుడు ఆ ధర నిలబడదు.

మరి స్టార్ కార్డు ధర అది అరుదైనది కాబట్టేనా? కాదు. 1952 టాప్స్ సెట్‌లో మొత్తం 407 కార్డులు. చివరి భాగం, 311 నుంచి 407 దాకా, సీజన్ ఆఖర్లో వచ్చింది, సరిగా అమ్ముడుపోలేదు. మిగిలిపోయిన వందల పెట్టెలను 1960లో కంపెనీవాళ్లే పడవలో తీసుకెళ్లి అట్లాంటిక్ సముద్రంలో పారేశారు. ఆ భాగంలో 311 మాంటిల్, 312 జాకీ రాబిన్సన్, 313 బాబీ థామ్సన్. అచ్చు షీటు మీద ఈ మూడు కార్డులనూ రెండేసి సార్లు పెట్టారు. అంటే అదే భాగంలోని చాలా మంది కామన్ ఆటగాళ్ల కంటే మాంటిల్ కార్డులు రెట్టింపు అచ్చయ్యాయి! రాబిన్సన్‌వి కూడా అంతే. ఒకే ఏడు, ఒకే షీటు, పక్కపక్క నంబర్లు, ఒకే సంఖ్యలో అచ్చు. అయినా ఒకే మార్కున్న రెండు కార్డులు పక్కపక్కన పెడితే మాంటిల్ ధర రాబిన్సన్ ధర కంటే ఎంతో ఎత్తులో ఉంటుంది. న్యూయార్క్ యాంకీస్‌కు ఆడిన తెల్ల కుర్రాడు 1950ల్లో పెరిగిన తెల్ల పిల్లలందరి కల. ఆ పిల్లలు పెద్దవాళ్లై డబ్బు సంపాదించి తమ బాల్యాన్ని తిరిగి కొనుక్కున్నారు. ఎవరి బాల్యం దగ్గర డబ్బుందో వాళ్ల దేవుడి ధర పెరుగుతుంది.

ఇప్పుడు మూడో ప్రశ్నకు వద్దాం. కామన్ గదిలోకి కూడా రానిది ఎవరు?

టీ206 సెట్‌లో 500కు పైగా కార్డులున్నాయి. ఒక్క నల్ల ఆటగాడు కూడా లేడు. 19వ శతాబ్దం చివర్లో తెల్ల యజమానులు ఏ చట్టమూ రాయకుండా, లోపాయికారీగా మాట్లాడుకుని నల్లవాళ్లను ఆట నుంచి గెంటేశారు. నల్లవాళ్లు ఊరుకోలేదు. సొంత జట్లు కట్టుకున్నారు. 1920లో కాన్సాస్ సిటీలో రూబ్ ఫాస్టర్ నాయకత్వంలో నీగ్రో నేషనల్ లీగ్ పుట్టింది. అక్కడి ఆటగాడు జోష్ గిబ్సన్. 2024లో మేజర్ లీగ్ బేస్‌బాల్ నీగ్రో లీగుల లెక్కలను అధికారిక రికార్డుల్లో కలిపినప్పుడు, జీవితకాల బ్యాటింగ్ సగటులో ఇన్నాళ్లూ మొదటి స్థానంలో ఉన్న టై కాబ్‌ను దాటి గిబ్సన్ పైకి వచ్చాడు. సగటు .372.

అంతటి ఆటగాడి బొమ్మను అతను బతికుండగా అమెరికాలోని ఏ పెద్ద గమ్ కంపెనీ గానీ సిగరెట్ కంపెనీ గానీ కార్డుగా వెయ్యలేదు. అతను 1947 జనవరిలో, 35 ఏళ్లకే చనిపోయాడు. మూడు నెలల తర్వాత ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ మైదానంలో అడుగుపెట్టాడు. సేకర్తలు వెతికే గిబ్సన్ కార్డు 1950 – 51లో ప్యూర్టోరికోలో వచ్చింది. అతను చలికాలాల్లో అక్కడికి వెళ్లి ఆడేవాడు, అక్కడివాళ్లు గుర్తుపెట్టుకున్నారు. సొంత దేశం వెయ్యలేదు.

సాచెల్ పేజ్ అనే గొప్ప పిచర్‌కు మేజర్ లీగులో చోటు దొరికింది 1948లో, 42 ఏళ్ల వయసులో. 1953 టాప్స్ కార్డు మీద అతని పేరు స్పెల్లింగ్ తప్పుగా అచ్చు వేశారు. రేషన్ కార్డులోనూ పదో తరగతి మెమోలోనూ తప్పు పడ్డ పేర్లతో జీవితాంతం తిరిగే మనవాళ్లకు అది ఎలా ఉంటుందో తెలుసు.

వీళ్లందరికంటే ముందు ఒకాయన ఉన్నాడు. జిమ్మీ క్లాక్స్‌టన్. 1916 మే నెలలో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ ఓక్స్ అనే మైనర్ లీగ్ జట్టులో చేరాడు. నల్లవాడని తెలిస్తే చేర్చుకోరు కాబట్టి, అమెరికన్ ఆదివాసీనని చెప్పి చేరాడు. ఒకే రోజు జరిగిన రెండు మ్యాచ్‌ల్లో బంతి విసిరాడు, రెండూ కలిపి మూడు ఇన్నింగ్స్ కూడా కాలేదు. కొద్ది రోజులకే తీసేశారు. కానీ ఆ కాస్త వ్యవధిలోనే జీ-నట్ అనే మిఠాయి తయారు చేసే కంపెనీ ఫొటోగ్రాఫర్ జట్టువాళ్ల ఫొటోలు తీసుకున్నాడు, అందులో క్లాక్స్‌టన్ కూడా పడ్డాడు. అలా అమెరికన్ బేస్‌బాల్ కార్డు మీదికెక్కిన మొదటి నల్ల మనిషి ఆయనే అని చరిత్రకారులు చెబుతారు. ఆట లెక్కల ప్రకారం ఆయన కామన్ కంటే కింద. ఇవాళ ఆ కార్డు మొత్తం జీ-నట్ కార్డుల్లోనే అత్యంత విలువైన వాటిలో ఒకటి.

హైదరాబాద్‌లో గది అద్దెకు కావాలంటే ఇంటిపేరు మింగేసి, "మీరేమిట్లు?" అన్న ప్రశ్నకు అబద్ధం చెప్పాల్సి వచ్చిన మిత్రులు ఈ పోస్టు చదువుతున్నారు. క్లాక్స్‌టన్ ఎందుకు అలా చెప్పుకున్నాడో వాళ్లకు వివరించనక్కర్లేదు.

ఇప్పుడు కామన్ గదిలోకి వచ్చిన నల్లవాళ్ల సంగతి చూద్దాం. నా విద్యార్థి ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడే ఉంది.

పంప్సీ గ్రీన్. 1959 జూలై 21న బోస్టన్ రెడ్ సాక్స్ తరఫున ఆడిన మొదటి నల్ల ఆటగాడు. మేజర్ లీగ్ జట్లన్నిటిలోకీ ఆఖరుగా తలుపు తెరిచింది ఆ జట్టే, అదీ రాబిన్సన్ వచ్చిన పన్నెండేళ్లకు. అదే జట్టు 1945లో రాబిన్సన్‌ను పిలిచి ఆడించి చూసి, తీసుకోకుండా పంపించేసింది. గ్రీన్ బ్యాటింగ్ సగటు .246. స్టార్ కాదు. అతని మొదటి కార్డు 1960 టాప్స్ సెట్‌లో ఉంది. బజారులో అది కామన్. ఒక గొప్ప స్టార్ కార్డు ధరలో ఆవగింజంత వంతుకే దొరుకుతుంది. ఒక జట్టు మొత్తం జాత్యహంకారం ఓడిపోయిన రోజుకు బజారు కట్టిన ధర అది.

ఎర్నీ బ్యాంక్స్, జీన్ బేకర్. ఇద్దరూ కాన్సాస్ సిటీ మోనార్క్స్ అనే నల్లవాళ్ల జట్టు నుంచే వచ్చారు. షికాగో కబ్స్ ముందు తీసుకున్నది బేకర్‌ను, 1950లో. మూడేళ్లకు పైగా కింది లీగులోనే ఆడించింది. చివరికి 1953 సెప్టెంబర్‌లో బ్యాంక్స్ 17న, బేకర్ 20న మైదానంలోకి దిగారు. బ్యాంక్స్ మహా స్టార్ అయ్యాడు, అది అతని ప్రతిభ. బేకర్ వచ్చేసరికే 28 దాటాయి. అతని మంచి ఏళ్లు కింది లీగులో కరిగిపోయాయి. ధరల పట్టిక అతన్ని కామన్ అంటుంది. ఆ ఏళ్లను కాజేసింది ఎవరో పట్టికలో ఉండదు.

మన దగ్గరా ఇంతే. పల్వంకర్ బాలూ పేరు ఈ మధ్య కొంత వినబడుతోంది. 1911 ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీసి కూడా, అంటరానివాడని హిందూ జట్టుకు కెప్టెన్సీ దక్కని బౌలర్. తమ్ముడు విఠల్ 1923లో ఆ కెప్టెన్సీ సాధించాడు. మరో ఇద్దరు తమ్ముళ్లు శివరామ్, గణపత్ కూడా ఆ స్థాయిలోనే క్రికెట్ ఆడారు. వాళ్ల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? స్టార్‌ను నిలబెట్టుకునే తొందరలో మనం కూడా తదితరుల గది కడుతున్నాం.

విద్యార్థి మిత్రులు తప్పకుండా గుర్తుపెట్టుకోవాల్సిన భాగం ఇది. ధరల పట్టికలో స్టార్‌కీ కామన్‌కీ నింగికీ నేలకీ ఉన్న దూరం ఉంది. కానీ 1960ల్లో టాప్స్ కంపెనీ ఆటగాళ్లకు ఎంత ఇచ్చేదో తెలుసా? ఏడాదికి 125 డాలర్లు. స్టార్‌కీ అంతే, కామన్‌కీ అంతే. వాళ్ల ముఖాలు అమ్ముకుని కంపెనీ కోట్లు సంపాదిస్తోంది. 1966లో ఆటగాళ్ల యూనియన్‌కు మార్విన్ మిల్లర్ అనే కార్మిక సంఘం మనిషి వచ్చాడు. ఉక్కు కార్మికుల యూనియన్‌లో పనిచేసిన అనుభవం ఆయనది. ఒప్పందం మార్చమని అడిగితే టాప్స్ లెక్కచెయ్యలేదు. అప్పుడు ఆటగాళ్లు కొత్త ఫొటోలకు నిలబడటం మానేశారు, కాంట్రాక్టుల మీద సంతకాలు ఆపేశారు. ఆ కాలపు టాప్స్ కార్డుల్లో పాత ఫొటోలు, టోపీ లేని తలలు ఎందుకు ఎక్కువగా కనిపిస్తాయో ఇప్పుడు అర్థమవుతుంది. 1968 చివరికి కంపెనీ దిగొచ్చింది. తలకు 250 డాలర్లు, దానిపైన అమ్మకాల్లో వాటా. స్టార్లు విడిగా వెళ్లి బేరమాడుకుని ఉంటే కామన్లకు చిల్లిగవ్వ వచ్చేది కాదు. కామన్లు మాత్రమే నిలబడి ఉంటే కంపెనీ నవ్వి వదిలేసేది. కలిసి నిలబడ్డారు కాబట్టి గెలిచారు.

ఆ యూనియన్ అండతోనే కర్ట్ ఫ్లడ్ ముందుకొచ్చాడు. సెయింట్ లూయిస్‌కు ఆడిన నల్ల ఆటగాడు. 1969 అక్టోబర్‌లో అతన్ని అడగకుండానే ఫిలడెల్ఫియాకు బదిలీ చేశారు. అప్పటి నిబంధన ప్రకారం ఆటగాడు జీవితాంతం యజమాని ఆస్తి. ఫ్లడ్ వెళ్లనన్నాడు. 1970 సీజన్ మొత్తం ఆట వదులుకుని కోర్టుకు వెళ్లాడు. 1972లో సుప్రీంకోర్టులో 5 – 3 తేడాతో ఓడిపోయాడు. 1975 చివర్లో వేరే ఇద్దరు ఆటగాళ్ల కేసులో ఆ సంకెళ్లు తెగాయి. లాభం తర్వాతి తరాలకు వచ్చింది, ఫ్లడ్ కెరీర్ పోయింది.

1970 టాప్స్ సెట్‌లో ఫ్లడ్ కార్డు చూడండి. దాని మీద జట్టు పేరు ఫిలడెల్ఫియా. అతను ఒక్కరోజు కూడా ఆడని, ఆడనని తెగేసి చెప్పిన జట్టు! యజమాని కాగితం మీద రాసుకున్న అబద్ధానికి అంతకంటే మంచి సాక్ష్యం నాకు కనబడలేదు. ఆ కార్డు ధర? ఆ ఏటి పెద్ద స్టార్ల పక్కన పెడితే దాదాపు కామన్ ధరే.

కాబట్టి తమ్ముడూ, నా జవాబు ఇది. డబ్బు తిరిగి రావడమే ముఖ్యమైతే స్టార్ పక్షం వాళ్ల మాటలో బలముంది. నలిగినదైనా అసలైన స్టార్ కార్డు, నీ స్తోమతలో ఉన్నది కొనుక్కో. మెరిసే కామన్ కార్డును చీటీ మీది మార్కు చూసి మాత్రం కొనొద్దు, ఆ మార్కు ధర గాలిబుడగ. కానీ నీకు చరిత్ర కావాలంటే గ్రీన్, బేకర్, ఫ్లడ్ కార్డులు వెతుకు. 3 మార్కులో 4 మార్కులో వచ్చినవైనా చాలు, అసలు మార్కే లేనివైనా చాలు. మూలలు మొద్దుబారితే మరీ మంచిది, ఎవరో పిల్లవాడు దాన్ని చేత్తో పట్టుకుని ఆ పేరు పలికాడన్నమాట. కొన్నాక డబ్బాలో పెట్టి దాచకు. మీ పిల్లలకు వెనకవైపు లెక్కలు చదివి వినిపించు, అక్కడ రాయనిది నువ్వు చెప్పు.

మిగతా మిత్రులకు ఒక పని. ఫూలే 1873లో తన 'గులామ్‌గిరి'ని నల్లవాళ్ల బానిసత్వాన్ని తెంచిన అమెరికన్లకు అంకితమిచ్చారు. వాళ్ల చరిత్ర నుంచి నేర్చుకోవడం మనకు అప్పుడే మొదలైంది. మన వాడల్లో కార్డులు లేవు. గ్రూపు ఫొటోలున్నాయి. కబడ్డీ, వాలీబాల్ జట్లవి, హాస్టల్ బ్యాచ్‌లవి, అంబేద్కర్ జయంతి కమిటీలవి. చాలా వాటి కింద ఇద్దరు ముగ్గురి పేర్లే గుర్తున్నాయి, మిగతా అందరూ తదితరులు. ఈ ఆదివారం ఒక్క ఫొటో తీసుకుని, పెద్దవాళ్ల దగ్గర కూర్చుని, ఎడమ నుంచి కుడికి ప్రతి పేరూ రాయించండి. తెలిసిన మనుషులు ఉండగానే రాయించండి. రాసినవి కింద కామెంట్లలో పెట్టండి.

వచ్చే భాగంలో పల్వంకర్ సోదరులు నలుగురి గురించి, ముఖ్యంగా శివరామ్, గణపత్‌ల గురించి వివరంగా రాస్తాను.

జై భీమ్.